మధ్యాహ్నపు సముద్రం

ఆ వీధిలో ఆవిడను సముద్రాలావిడ అంటారు. ఆ పేరు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ అతికినట్టు సరిపోయింది. నూనె రంగులు చేతబట్టిన నాటి నుంచి ఆవిడ సముద్రం తప్ప మరొకటి వెయ్యలేదు. ఎవరైనా వచ్చి తమ బొమ్మ గియ్యమని బతిమాలితే, “కదలకుండా కూర్చునేవాళ్ళను చూస్తే నాకు నిద్రొస్తుంది బాబూ” అని పంపేసేది. పూలు వెయ్యమంటే వాడిపోతాయనేది. కొండలు వెయ్యమంటే, “అవెక్కడికి పోతాయి, తర్వాత చూద్దాం” అనేది.

రేవుకు దగ్గర్లో, తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే కొట్టు పైన రెండు గదుల్లో వాళ్ళ కాపురం. ముందు గదిలో వంటా, భోజనమూ, తమ్ముడి మంచమూ. వెనక గదిలో ఆవిడా, ఆవిడ సముద్రాలూ. ఆ గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ. గోడల వెంట కాన్వాసులు ఒకదానికొకటి వీపు ఆనించుకుని నిలబడి ఉండేవి. అవిసె నూనె వాసనా టర్పెంటైన్ వాసనా తలుపు సందుల్లోంచి ముందు గదిలోకి వచ్చి తినే తిండిలో కూడా కలిసేవి. తమ్ముడు ఆ సంగతి ఎత్తితే, “నీ సిగరెట్ల కంటే నయమే” అని ఒక్క మాటతో నోరు మూయించేది.

తమ్ముడు రేవులో లాంచీ నడిపి రిటైరైనవాడు. భార్య పోయాక అక్క దగ్గరికి చేరాడు. “ఇన్నేళ్ళూ నీళ్ళ మీద తిరిగి తిరిగి, ఒడ్డెక్కి హాయిగా పడుకుందామనుకుంటే ఇంటినిండా మళ్ళీ అవే అలలు” అని వచ్చినవాళ్ళందరికీ మొరపెట్టుకునేవాడు. అలా అంటూనే చెక్క చట్రాలు బిగించడం, వాటి మీద కాన్వాసు లాగి మేకులు కొట్టడం, తెల్లటి అడుగు పూత వెయ్యడం అన్నీ తనే చేసేవాడు. తను బిగించిన కాన్వాసు తప్ప అక్కకు మరొకటి పనికిరాదని అతనికి లోలోపల గర్వం.

ఆవిడ కళ్ళు ఎప్పుడు మసకబారడం మొదలుపెట్టాయో ఆవిడకే తెలియదు. ఒక్కసారిగా చీకటి కమ్మితే ఏ మనిషైనా కంగారుపడి డాక్టరు దగ్గరికి పరిగెడతాడు. ఇది పాలలో డికాక్షన్ చుక్క చుక్క పడ్డట్టు ఏళ్ళ తరబడి వచ్చింది. వెలుతురు చాలడం లేదనిపిస్తే కిటికీ అద్దాలు తుడిపించింది. నీలం రంగు చచ్చుబడినట్టు కనిపిస్తే రంగుల కొట్టు అతన్ని దులిపేసింది.

“ఏం కలుపుతున్నావయ్యా ఇందులో? మట్టా?”

అతను ఓపిక గలవాడు. “అదే కంపెనీ అమ్మా, అదే ట్యూబు” అనేవాడు.

“అయితే కంపెనీవాడే కలుపుతున్నాడు” అని తేల్చేసేది.

చివరికి ఒకరోజు కుంచె కడగబోయి, టర్పెంటైన్ డబ్బా అనుకుని తమ్ముడి టీ గ్లాసులో ముంచింది. తమ్ముడు గ్లాసు వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. “ఇంక లే అక్కా, చెప్పులేసుకో” అన్నాడు.

కంటి డాక్టరమ్మ రెండు కళ్ళలోకీ లైటు వేసి చూసి కుర్చీలో వెనక్కి వాలింది. “శుక్లాలు ఇంతగా ముదిరిపోయాయి, ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారండీ? ఏం చేస్తుంటారు మీరు?”

“బొమ్మలు వేస్తుంటాను. సముద్రం బొమ్మలు.”

“దేన్ని చూసి?” అంది డాక్టరమ్మ.

తమ్ముడికి నవ్వు తన్నుకొచ్చింది గానీ అక్క మొహం చూసి మింగేశాడు. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేద్దామనీ, అది మానాక ఎడమ కంటి సంగతి చూద్దామనీ డాక్టరమ్మ చెప్పింది.

కట్టు విప్పిన పూట ఆవిడ మొట్టమొదట చూసింది ఎదురుగా ఉన్న గోడను. “సున్నం వేయించారా?” అని అడిగింది. ఎవరూ వేయించలేదు. డాక్టరమ్మ కోటు కూడా అలాగే ఉంది, కళ్ళు చెదిరే తెలుపు. తర్వాత తమ్ముడి మొహం చూసింది, చాలాసేపు చూసింది.

“ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయిరా నీకు?”

“నిన్నటిదాకా లేవక్కా. నీ కన్ను తెరిపించాకే వచ్చాయి.”

బయటకు వస్తుంటే వరండా మూల, నేల తుడిచే మనిషి వదిలి వెళ్ళిన ప్లాస్టిక్ బకెట్ ఒకటి కనిపించింది. ఆవిడ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పాత బకెట్, అంచు విరిగింది, లోపల మురికినీళ్ళు. కానీ ఆ నీలం! చిన్నప్పుడెప్పుడో తెలిసి, తర్వాత మరిచిపోయిన మాట ఎవరో చెవిలో చెప్పినట్టుంది.

“ఎంత నీలంగా ఉందో చూడరా ఈ బకెట్టు!”

“ఉంది, పద. జనం చూస్తున్నారు” అన్నాడు తమ్ముడు. అయినా అక్క చూపు తనివితీరేదాకా చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

ఆ సంతోషమంతా ఇల్లు చేరేదాకానే. వెనక గది తలుపు తీసి, గోడవైపు తిప్పి ఉన్న కాన్వాసులను ఒక్కొక్కటే ఇటు తిప్పింది. తిప్పినకొద్దీ చెయ్యి నెమ్మదించింది. తెల్లవారుజాము సముద్రం టీ రంగులో ఉంది. వానాకాలపు సముద్రం ఇటుక పొడి కలిపినట్టుంది. నురగ తెల్లగా ఉండాల్సిన చోట మాసిన దూదిలా ఉంది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే అన్నీ తను వేసినట్టే, బాగానే ఉన్నాయి. ఎడమ కన్ను మూసి చూస్తే అవి ఎవరో పరాయి మనిషి వేసినవి.

తమ్ముడు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. “ఒక మాట అడుగుతాను, కోప్పడకు” అన్నాడు. “నీకు సముద్రం టీ రంగులో కనిపించింది, సరే. రంగుల్ని కూడా ఆ కంటితోనే కదా చూశావు? అవీ అలాగే కనిపించి ఉండాలి. అంటే ఇదీ అదీ సరిపోవాలి కదా?”

“సరిపోవాలి. కానీ నీలమూ బూడిద రంగూ నాకు ఒకటైపోయాయిరా. తేడా తెలిస్తేగా ఏది తియ్యాలో తెలిసేది? నీలం మరీ ప్రాణం లేనట్టుందని పక్కన పెట్టేసి, కంటికి కాస్త ఆనే ఎరుపూ గోధుమా వాడుకుంటూ పోయాను.” ఆవిడ కుర్చీలో కూలబడింది. “మరి నువ్వు చూస్తూనే ఉన్నావుగా? ఒక్క మాట చెప్పొద్దూ?”

“ఇప్పుడు ఇలాంటివే వేస్తారేమో అనుకున్నాను. లాంచీ నడిపేవాణ్ణి, రంగుల సంగతి నాకేం తెలుస్తుంది?”

ఆవిడకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. కాసేపయ్యాక ఏదో గుర్తొచ్చినట్టు లేచి నిలబడింది. “రేవు హాల్లో ఉన్నది ఎలా ఉంది?”

తమ్ముడు నేల చూపులు చూశాడు.

రేవు హాలంటే లాంచీల కోసం జనం ఎదురుచూసే చోటు. దాన్ని కొత్తగా కట్టినప్పుడు సూపరింటెండెంటు ఇంటికొచ్చి మరీ అడిగి ఒక గోడంత బొమ్మ వేయించుకున్నాడు. ఆవిడ అంత పెద్దది అంతకు ముందూ వెయ్యలేదు, తర్వాతా వెయ్యలేదు. నడి మధ్యాహ్నపు ఎండ, ఒడ్డుకు వస్తున్న అలల వరుస. కింద ఇత్తడి రేకు మీద ‘మధ్యాహ్నపు సముద్రం’ అని చెక్కించారు.

మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. హాల్లో అడుగుపెట్టగానే ఆవిడకు కనిపించింది నిండు సాయంత్రం. ఆకాశం రాగి చెంబులా ఉంది. నీళ్ళ మీద పొద్దువాలిన వెలుగు పరుచుకుని ఉంది. దాని కింద ఇత్తడి రేకు మీద మధ్యాహ్నమని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆవిడకు చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళుగా ఎంతమంది చదివి ఉంటారో, ఎంతమంది నవ్వుకుని ఉంటారో!

ఎదురుగా కౌంటర్లో టికెట్లిచ్చే ఆమె, నడివయసు మనిషి, లాంచీ వెళ్ళిపోయి హాలు ఖాళీ కాగానే అద్దం కిటికీ మూసి బయటికొచ్చింది.

“ఈ బొమ్మ వేసింది మీరేనటగా? ఎప్పటి నుంచో ఒక సందేహం ఉండిపోయిందండీ. ఆ రేకు మీద మధ్యాహ్నం అని పడిందేమిటి? చెక్కినవాడు పొరపాటు చేశాడా? మేమంతా దీన్ని సాయంత్రం బొమ్మ అంటాం. ‘సాయంత్రం కింద కూర్చో, వచ్చేస్తున్నా’ అని ఫోన్లలో చెప్పుకుంటారు జనం.”

తమ్ముడు గట్టిగా దగ్గాడు.

“చెక్కినవాడి తప్పు కాదమ్మా, నాదే” అంది సముద్రాలావిడ. “సరిచేస్తాను.”

“సరిచెయ్యడమంటే?”

“మధ్యాహ్నం చేస్తాను.”

టికెట్లామె బొమ్మ వైపు తిరిగి చేతులు కట్టుకుని ఆలోచించింది. “మీ బొమ్మ, మీ ఇష్టం. కాకపోతే ఆ మూడో అల జోలికి మాత్రం వెళ్ళకండి. నా అద్దంలోంచి తిన్నగా అదే కనిపిస్తుంది. విరగబోతున్నట్టే ఉంటుంది. తల వంచి టికెట్టు చింపి తలెత్తేలోపు విరిగిపోతుందేమోనని నాకు రోజూ అనుమానం. ఇన్నేళ్ళయినా పోలేదు.”

సూపరింటెండెంటు కాదనలేదు. లాంచీలు ఆపలేమనీ, జనం మధ్యనే పని చేసుకోవాలనీ మాత్రం చెప్పాడు. రంగులూ కుంచెలూ మోసుకుని అక్కా తమ్ముడూ మళ్ళీ రేవుకు వచ్చారు. తమ్ముడు కుర్చీలు అడ్డం పెట్టి, తన పాత లాంచీ గొంతుతో “జరగండి, జరగండి, రంగు అంటుకుంటుంది” అని కేకలేస్తూ నిలబడ్డాడు. ఆవిడ చిన్న బల్ల ఎక్కి, ముందు మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచింది. నీలంలో తెలుపు కలిపింది, అందులో ఆకుపచ్చ ఉందా లేదా అన్నంత కలిపింది. నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత దగ్గర మొదలుపెట్టి కిందికి ఒక జానెడు మేర పూసింది. ఆ రంగు అచ్చం నడి మధ్యాహ్నపు రంగు, వంక పెట్టడానికి లేదు.

దిగి, కౌంటరు దాకా వెనక్కి నడిచి చూసింది.

వెలిసిన చొక్కాకు కొత్తగుడ్డ మాసిక వేసినట్టుంది.

మొదటి పూతకు అంతేలే అనుకుంది. అలవాటు కొద్దీ కుడి కన్ను అరచేత్తో మూసుకుంది. ఎడమ కంటి ముందు మధ్యాహ్నం నిలబడింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. కొత్తగా పూసిన చోటు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చెయ్యి తీసి ఎడమ కన్ను మూసింది, సాయంత్రం. మళ్ళీ కుడి కన్ను మూసింది, మధ్యాహ్నం. ఇటూ అటూ అలా ఎంతసేపు చేసిందో, తమ్ముడు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు:

“అక్కా, వరుసలో ఉన్న పెద్దాయన నువ్వు తనకే కన్ను కొడుతున్నావనుకుంటున్నాడు. ఇందాకట్నుంచీ తల దువ్వుకుంటున్నాడు.”

ఆవిడ పకపకా నవ్వింది. ఆపరేషన్ అయ్యాక అలా నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, ఈసారి రెండు కళ్ళూ తెరిచి మూడో అల దగ్గరికి వెళ్ళింది.

అల పైకి లేచి, ఇంకా విరగకముందు, దాని పైభాగం ఒకచోట పలచబడుతుంది. వెలుతురు అవతలి నుంచి ఇవతలికి వచ్చే చోటది. ఆవిడ దాన్ని అల మెడ అనేది. వయసులో ఉన్నప్పుడు వేసిన బొమ్మల్లో ఆ మెడ గాజు ముక్కలా తళతళలాడేది. చూసినవాళ్ళు అబ్బా అనేవాళ్ళు. ఆ అలలకు అందం ఉండేది గానీ బరువు ఉండేది కాదు. ఈ అలకు బరువుంది. వెనకనున్న సముద్రమంతా దీని భుజం మీద చెయ్యేసి తోస్తున్నట్టుంది. ఇది ఎలా వేసిందో ఆవిడకు గుర్తొచ్చింది. రంగులు మాట వినడం మానేశాయని విసుగెత్తి, సముద్రం ఒడ్డున రాళ్ళకట్ట మీద మధ్యాహ్నాల తరబడి కూర్చుని నీళ్ళు ఎక్కడ లేస్తున్నాయో, ఎక్కడ నల్లబడుతున్నాయో, ఎక్కడ పలచబడుతున్నాయో అదొక్కటే చూసింది. చూసింది చూసినట్టు చేత్తో పట్టుకొచ్చింది. ఇప్పుడు దీని మీద కొత్త నీలం పూస్తే రంగు బాగుపడుతుంది. అల మాత్రం ఉంటుందన్న నమ్మకం లేదు.

ఆవిడ గుడ్డకు కాస్త అవిసె నూనె అద్ది, ఇందాక పూసిన జానెడు మధ్యాహ్నాన్ని నిదానంగా తుడిచేసింది. పాత బొమ్మ మీద వార్నీషు ఉండటం వల్ల పచ్చి రంగు మరక లేకుండా ఊడి వచ్చింది. టికెట్లామె అద్దం వెనక నుంచి చూస్తూ, చేతిలో ఉన్న టికెట్టు చింపడం మరిచిపోయింది.

“మరి రేకు?” అని అడిగాడు సంగతి విని వచ్చిన సూపరింటెండెంటు. “తీసేసి వేరేది చెక్కించమంటారా?”

“ఉండనివ్వండి. నేను చూసిన మధ్యాహ్నం అదే.”

“మేం మాత్రం సాయంత్రమనే అంటామండీ” అంది టికెట్లామె కిటికీలోంచి.

“అనుకోండమ్మా, దానికేం” అంది ఆవిడ.

ఎడమ కంటికి ఆపరేషన్ చెయ్యాల్సిన రోజు దగ్గరపడుతుండగా ఆవిడ కొత్త పేచీ పెట్టింది. కొన్నాళ్ళు వాయిదా వెయ్యమంది. తమ్ముడికి ఒళ్ళు మండింది.

“మతి పోయిందా అక్కా? ఒక కంట్లో వెలుగు, ఒక కంట్లో మసక పెట్టుకుని నువ్వు మెట్లు దిగుతుంటే నా గుండె గుప్పిట్లో పెట్టుకుని చూస్తున్నాను. ఆగితే ఏమొస్తుంది నీకు?”

“ఈ కన్ను బాగైతే ఆ సముద్రం మళ్ళీ కనబడదురా. నాకే కాదు, ఎవరికీ కనబడదు. నా ఒక్కదాని కంట్లోనే ఉంది అది. ఇన్నేళ్ళు నాతో ఉన్నదాన్ని సాగనంపకుండా ఎలా?”

తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత లేచి మంచం కిందనుంచి చట్రం చెక్కలు లాగి, “ఎంత కావాలి? పెద్దదా చిన్నదా?” అన్నాడు. డాక్టరమ్మ కూడా, ఇన్నేళ్ళు ఆగింది ఇంకొన్నాళ్ళు ఆగితే కొంపేం మునగదనీ, మెట్ల దగ్గర మాత్రం ఒకరి చెయ్యి పట్టుకోమనీ చెప్పింది.

కుడి కంటి మీద దూది పెట్టి పట్టీ వేసుకుని ఆవిడ మధ్యాహ్నం పూట రాళ్ళకట్ట మీద ఈజిల్ నిలబెట్టుకునేది. తమ్ముడు గొడుగు పట్టేవాడు. రంగుల సంగతి నోరెత్తకూడదని ముందే ఒట్టు వేయించుకుంది. ఒకటి రెండుసార్లు అతను నోరు తెరిచి, గొడుగు చెయ్యి మార్చుకుని, మళ్ళీ మూసుకున్నాడు. బొమ్మ పూర్తయ్యేదాకా ఆవిడ కుడి కంటితో దాన్ని చూడలేదు. పూర్తయ్యాక ఇంటికి తెచ్చి, ఆరడానికి గోడవైపు తిప్పి పెట్టి, ఆస్పత్రికి వెళ్ళింది.

రెండో కట్టు కూడా విప్పాక, రెండు కళ్ళతోనూ చూసింది. సన్నటి బంగారు పొర కప్పుకున్న నీళ్ళు, తుప్పు రంగు ఆకాశం. తప్పొప్పులు వెతకాలనిపించలేదు. పుట్టింటి నుంచి వచ్చిన ఫోటో చూసినట్టు చూసింది.

“ఇది నేను తీసుకుంటా” అన్నాడు తమ్ముడు. అతను అడిగి తీసుకున్న బొమ్మ అదొక్కటే. తన మంచం పైన గోడకు మేకు కొట్టి తగిలించుకున్నాడు. అది ఏ పూటరా అని అక్క అడిగితే, “ఆఖరి ట్రిప్పు అయిపోయి లాంచీ కట్టేసే వేళ. మీ మరదలు గుమ్మంలో ఉండే వేళ” అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ పడ్డ పాట్లు చెప్పాలి. లోకమంతా నీలంగా కనిపిస్తుంటే చెయ్యి ఆగలేదు. మొదటి బొమ్మ చూసి తమ్ముడు, “సబ్బు ప్రకటనలా ఉంది” అన్నాడు. రెండోదానికి ఆ మాట కూడా అనలేక తల గోక్కున్నాడు. రంగుల కొట్టతను నీలం ట్యూబులు అడిగినన్ని తీసిచ్చి ఆశ్చర్యపోయాడు. “కంపెనీవాడు మట్టి కలపడం మానేసినట్టున్నాడయ్యా” అని ఆవిడ అంటే, “గట్టిగా చెప్పానమ్మా వాళ్ళకి” అన్నాడు, నవ్వకుండా.

పెద్దవి మానేసి, అరచేతి కంటే కాస్త పెద్ద ముక్కల మీద మొదలుపెట్టింది. ఒక్కో ముక్క మీద ఒక్కో అల మెడ, అంతే. నచ్చకపోతే ప్యాలెట్ కత్తితో గీకేసి, అదే ముక్క మీద మళ్ళీ వేసేది. ఈ వయసులో పలక మీద అక్షరాలు దిద్దుకున్నట్టుందని వీధిలో వాళ్ళకు చెప్పుకుని నవ్వేది. చలి పోయింది, ఎండలు ముదిరాయి. గీకేసినవి ఎన్నో, మిగిలినవి కొన్నే.

ఒక మధ్యాహ్నం రాళ్ళకట్ట మీద ఆవిడ చెయ్యి ఉన్నట్టుండి నెమ్మదించింది. గొడుగు పట్టుకుని కునికిపాట్లు పడుతున్న తమ్ముడు తలెత్తి చూశాడు. చిన్న ముక్క మీద అల లేచి ఉంది. దాని అడుగు ముదురు ఆకుపచ్చ, దాదాపు నలుపు. పైన మెడ దగ్గర లేత నీలం, అవతలి ఎండ ఇవతలికి వస్తోంది. అల బరువుగా ఉంది. అది మధ్యాహ్నమేనని ఏ రేకూ లేకుండానే తెలుస్తోంది.

“కత్తి ఇవ్వనా?” అన్నాడు తమ్ముడు, అలవాటు ప్రకారం.

“వద్దు” అంది ఆవిడ. కుంచె కొసకు అంటిన తెలుపును గుడ్డకు తుడిచి, మళ్ళీ కొంచెం తీసుకుంది. “నువ్వు కాస్త అటు జరుగు. నీ నీడ నీళ్ళలో పడుతోంది.”